కరోనా వచ్చిందని వీధంతా చెప్పాం

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మాకు ఇంట్లో ఉండటం అంత కష్టం అనిపించలేదు. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా బంద్. జబ్బు ఎక్కడో ఉంది, తలుపు వేసుకుని కూర్చుంటే మన దాకా రాదు, అంతే మా లెక్క. పెరట్లో నాలుగు కూరగాయలు, గాదెలో ధాన్యం ఉన్నవాళ్లం కాబట్టి అలా అనుకోగలిగాం. రోజుకూలికి కొబ్బరికాయ ఒలిచేవాళ్లకి ఆ నెలలు ఎంత గడ్డుగా గడిచాయో కళ్లారా చూశాం.

2021 మే వచ్చేసరికి ఆ లెక్క మారిపోయింది. జబ్బు మా ఇంట్లోకే వచ్చింది.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇప్పుడు కోనసీమ జిల్లా అంటున్నాం గానీ అది 2022 ఏప్రిల్‌లో వచ్చింది, అప్పటికి మాది తూర్పు గోదావరే. మా ఆయనది కొబ్బరి వ్యాపారం. తోటల్లో దింపు తీయించి, కాయ రాశి పోయించి లారీలకి ఎత్తిస్తారు. రోజూ పదిమందితో పని. ఇంట్లో ఆయన, నేను, డిగ్రీ చదివే మా అబ్బాయి, డెబ్బై దాటిన మా అత్తయ్య. ఆవిడకి షుగరూ ఉంది, బీపీ కూడా ఉంది.

ఒక సాయంత్రం ఆయన తోట నుంచి వచ్చి ఒళ్లు నొప్పులన్నారు. రాత్రికి జ్వరం. మే నెల ఎండలు కదా, వడదెబ్బ అని సరిపెట్టుకోవచ్చు. కానీ మర్నాడు పొద్దున్న గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కాఫీ వాసన తెలియట్లేదన్నారు. ఇంక పరీక్ష దాకా ఆగలేదు, అప్పటికప్పుడే ఆయన్ని వేరే గదిలోకి పంపేశాం. ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే. ఆ రోజుల్లో రిజల్టు చేతికి వచ్చేసరికి ఆలస్యమయ్యేది. లక్షణాలు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, కనపడిన తొలి రోజుల దాకానే ఈ జబ్బు ఎక్కువగా అంటుకుంటుంది. కాగితం కోసం ఎదురుచూస్తూ అందరూ ఒకేచోట పడుకుంటే, ఆ కాగితం వచ్చేలోపే ఇల్లంతా అయిపోతుంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శాంపిల్ ఇచ్చాం. పాజిటివ్ అని మెసేజ్ వచ్చింది.

అప్పుడొచ్చిన అసలు ప్రశ్న, ఊళ్లో చెప్పాలా వద్దా అని. ఆ నెలలో చాలామంది దాచారు. వాళ్లని నేను తప్పు పట్టను. పాజిటివ్ అంటే కూలివాళ్లు పనికి రారు, పాలు పోసేవాళ్లు గుమ్మం ఎక్కరు, కుదిరిన పెళ్లి ఆగిపోతుంది. ఎవరి భయం వాళ్లది. అత్తయ్య కూడా అదే అన్నారు. "చెబితే మన గుమ్మం ఎవరూ తొక్కరమ్మాయ్."

ఆయన గదిలోంచే అన్నారు, "తొక్కకూడదనే కదమ్మా చెప్పేది!"

ఆ గదిలోంచే ఫోన్లు మొదలుపెట్టారు. మొదటి ఫోన్లు తనతో పనిచేసిన దింపు, ఒలుపు వాళ్లకి. టెస్టు చేయించుకోండి, పనికి రావద్దు, కూలి డబ్బులు మీ ఫోన్లకి పంపిస్తాను అని చెప్పారు. డబ్బు మాట చెప్పకుండా ఉత్త జాగ్రత్తలు చెబితే ఎవరు ఆగుతారు? తర్వాత వీధి వాళ్లకి నేను చేశాను. ఊరి వాలంటీరుకి చెబితే గ్రామ సచివాలయం నుంచి నర్సు ఏఎన్ఎం గారు, ఆశా వర్కర్ వచ్చి గేటు బయటి నుంచే మందుల కిట్ ఇచ్చి, ఏది ఎప్పుడు వేసుకోవాలో రాసిచ్చారు.

చెప్పాక ఏమైందో రాయాలి, ఎందుకంటే మేం భయపడినట్టు జరగలేదు. ఒకరిద్దరు మా గేటు ముందు నుంచి వెళ్లడం మానేసి కాలువగట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లిన మాట నిజం. వాళ్లింట్లో బాలింత ఉంది, నాకు బాధ అనిపించలేదు. మిగతావాళ్లు గేటు లోపలి అరుగు మీద గిన్నె పెట్టి, కేకేసి వెళ్లిపోయేవారు. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, కొట్లన్నీ కట్టేసేవారు. పొద్దున్నే ఎదురింటి పిన్నిగారబ్బాయి కావలసినవన్నీ ఫోన్లో అడిగి తెచ్చి అక్కడే పెట్టేవాడు. వీధికి తెలియకపోతే కొట్టుకి మా అబ్బాయే వెళ్లాల్సి వచ్చేది. అంటే మా ఇంట్లోది ఊళ్లోకి వెళ్లేది. పల్లెటూళ్లో నలుగురి సాయం లేకుండా తలుపు వేసుకుని ఉండటం కుదరదు. సాయం అందాలంటే విషయం తెలియాలి.

ఇల్లు సర్దుకోవడం ఇంకో పని. మాది పాత పెంకుటిల్లు. కొస గదికి పెరటి వైపు గుమ్మం ఉంది కాబట్టి ఆయనకి అదిచ్చాం. కిటికీలో టేబుల్ ఫ్యాన్ బయటికి తిప్పి పెట్టాం. ఈ వైరస్ గాలిలో నిలిచి ఉంటుంది కాబట్టి ఆ గది గాలి ఇంట్లోకి రాకుండా బయటికి పోవాలి. ఇంట్లో వైపు తలుపు మూసి, కింది సందులో పాత చీర కుక్కాం. చాలామంది వచ్చిన సామాన్లు కడుగుతూ అలిసిపోయారు గానీ కిటికీలు మాత్రం మూసుకుని పడుకున్నారు. ఏసీ ఉన్నవాళ్లయితే మరీను. కరెంటు పోయినప్పుడు ఆయన పెరట్లో మామిడిచెట్టు కిందికి వెళ్లి కూర్చునేవారు, మేం ముందు వసారాలో ఉండేవాళ్లం.

టెన్షన్ అంతా బాత్రూంతోనే. ఉన్నది ఒక్కటే, పెరట్లో. పొద్దున్న మా ముగ్గురి స్నానాలు అయ్యాకే ఆయన వెళ్లాలని పెట్టుకున్నాం. ఆయన వచ్చాక తలుపు బార్లా తీసి చాలాసేపు వదిలేసి, తర్వాత బ్లీచింగ్ నీళ్లతో కడిగేదాన్ని. మిగతా వేళల్లో ఎవరు వెళ్లినా మాస్క్ తీయకూడదు. అన్నం కంచం గుమ్మం బయట స్టూలు మీద పెట్టి నేను వెనక్కి వచ్చాకే ఆయన తలుపు తీసేవారు. ఆయన పనులన్నీ నేనొక్కదాన్నే చేశాను. అత్తయ్య మందులు, షుగరు చూడటం, ఆవిడ దగ్గర పడుకోవడం మా అబ్బాయి పని. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టలేదు.

అత్తయ్య మనసుని సర్దడం వీటన్నిటికంటే కష్టమైంది. కన్నకొడుకు గోడ అవతల దగ్గుతుంటే ఆ తల్లి ఎలా కూర్చుంటుంది? వద్దు వద్దంటే ఎప్పుడో ఒకప్పుడు ఆ గది తలుపు తోసేస్తారు. అందుకని రోజూ సాయంత్రం ఆవిడకి పెరట్లో దూరంగా కుర్చీ వేసేవాళ్లం. ఆయన కిటికీ దగ్గరికి వచ్చేవారు, ఇద్దరికీ మాస్కులు. కొబ్బరి రేటు గురించీ, దాళ్వా కోతల గురించీ మాట్లాడుకునేవారు. జబ్బు మాట ఎత్తేవారు కాదు.

ఆయన దగ్గర థర్మామీటరు, వేలికి పెట్టుకుంటే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటరు, ఒక నోటు పుస్తకం ఉంచాం. ఆక్సీమీటరు ధర అప్పటికి బాగా పెంచేశారు, అయినా కొన్నాం. దాన్ని వాడటానికి పద్ధతుంది. కాసేపు కదలకుండా కూర్చోవాలి, వేలు చల్లగా ఉంటే రుద్దుకుని వెచ్చచేసుకోవాలి, గోళ్ల రంగు ఉంటే తీసేయాలి, అంకె కుదురుకునేదాకా ఆగి అప్పుడు రాసుకోవాలి. అది 94 కంటే తగ్గకూడదు. ఏఎన్ఎం గారు ఇంకోటి నేర్పారు. ముందు ఒకసారి చూసుకుని, గదిలోనే ఆరు నిమిషాలు ఆగకుండా నడిచి మళ్లీ చూడాలి. మూడు పాయింట్లో అంతకంటే ఎక్కువో పడిపోతే, కూర్చున్నప్పుడు అంకె బాగున్నా సరే డాక్టరుకి చెప్పాలి.

మాకు రెండో వారంలో అదే జరిగింది. జ్వరం తగ్గింది, గండం గడిచిందనుకుంటున్న రోజు. కూర్చుంటే 96, నడిచాక 93. ఆయనకి ఆయాసం లేదు, ఏమీ లేదంటున్నారు. పుస్తకంలో ముందు రోజుల అంకెలు లేకపోతే మేం కూడా ఏమీ లేదనే అనుకునేవాళ్లం. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేశాం, డాక్టరుగారు మాట్లాడారు. మెడ కింద, ఛాతీ కింద, కాళ్ల కింద దిళ్లు పెట్టుకుని బోర్లా పడుకోమన్నారు. గంట గంటకీ చూడమన్నారు, కూర్చున్నప్పుడే 94 కంటే దిగితే ఇంక ఆలోచించకుండా బయల్దేరమన్నారు. ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, రెండు జతల బట్టలు, ఫోన్ ఛార్జరు సంచిలో సర్ది అరుగు మీద పెట్టాను. కారున్న పక్కవీధి అన్నయ్యగారు, "రాత్రి ఎన్నింటికైనా ఫోన్ చెయ్యమ్మా, అద్దాలన్నీ దించేసి తీసుకెళ్తాను" అన్నారు. దాచిపెట్టి ఉంటే ఆ రాత్రి నేనెవరిని లేపేదాన్ని? ఆయనకి నడిచినా అంకె పడిపోకుండా నిలబడటానికి రెండు రోజులు పట్టింది. ఆసుపత్రి అవసరం రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక బంధువు ఎవరికో రాసిన చీటీ వాట్సాప్‌లో పంపి, ఇవే వేయించెయ్యండి అన్నారు. అందులో స్టెరాయిడ్ ఉంది. డాక్టరుగారిని అడిగితే గట్టిగా వద్దన్నారు. ఆక్సిజన్ బాగున్నవాళ్లకి స్టెరాయిడ్ మేలు చేయకపోగా హాని చేయొచ్చు, షుగరు పెంచేస్తుంది. బ్లాక్ ఫంగస్ పేరు అందరి నోటా వినపడుతున్న రోజులవి. షుగరు ఉండి స్టెరాయిడ్ వాడినవాళ్లకే అది ఎక్కువగా వచ్చింది. ప్రేమతో పంపినా సరే, ఇంకొకరి చీటీ మనకి మందు కాదు.

పాలకొల్లులో మేనకోడలి పెళ్లికి ఎవరం వెళ్లలేదు. చిన్నప్పటి నుంచి నా దగ్గర తిరిగిన పిల్ల, ఆ లోటు ఇప్పటికీ ఉంది.

లక్షణాలు మొదలై పది రోజులు దాటి, వరసగా మూడు రోజులు జ్వరం లేకపోతే ఐసొలేషన్ ముగించొచ్చని, మళ్లీ టెస్టు అక్కర్లేదని అప్పటి నిబంధన. మేం ఇంకో వారం కలిపాం, అత్తయ్య ఉన్నారు కాబట్టి. ఒలుపు వాళ్లలో కొందరు నెగెటివ్ కాగితం చూపించమన్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. తగ్గిపోయాక కూడా ఆర్‌టీపీసీఆర్ పరీక్షలో కొన్ని వారాలు పాజిటివ్ రావొచ్చని, అంతమాత్రాన అంటుకోదని ఏఎన్ఎం గారే వచ్చి వాళ్లకి చెప్పారు. అత్తయ్యకి మొదటి డోసు అంతకుముందే పడింది, ఆవిడకి జబ్బు సోకలేదు. మా అబ్బాయికి రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన మూడు నెలలకి టీకా వేయించుకోవాలన్నారు, ఆయన అలాగే వేయించుకున్నారు.

ఆక్సీమీటరు మా ఇంట్లో ఉండలేదు. మా తర్వాత పాజిటివ్ వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి అడిగేవారు. స్పిరిట్‌తో తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి, 94 సంగతీ ఆరు నిమిషాల నడక సంగతీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, దాంతోపాటే పంపేదాన్ని.