12 మీటర్ల వంపు

కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో, మంచు మీద జారే స్కీలు అద్దెకిచ్చే షాపులో నేను జేబులోంచి టేపు తీసేసరికి మా అమ్మాయి మొహం అటు తిప్పేసుకుంది. "నాన్నా, ఇక్కడ కూడానా?" అంది. బెజవాడలో 26 ఏళ్ళుగా రైలు పట్టాల కొలతలు తీస్తున్నవాణ్ణి, టేపు లేకుండా గడప దాటితే నాకు చెయ్యి విరిగినట్టుంటుంది. షాపతను మాత్రం ఏమీ అనలేదు. ఫెరన్ అనే పొడుగాటి అంగీ లోపల నిప్పుల బుట్ట కాంగ్‌డీని సర్దుకుని, ఈయనేం చేస్తాడో చూద్దామన్నట్టు కూర్చున్నాడు.

నిరుడు ఫిబ్రవరిలో ఇక్కడే నా మోకాళ్ళు పోయాయి. అప్పుడు అద్దెకు తీసుకున్నవి వెడల్పు స్కీలు, కాలి కింద 98 మిల్లీమీటర్లు. గట్టిగా చదును చేసిన వాలు మీద తిరగబోతే తిరిగేవి కావు, పక్కకి జారిపోయేవి. సాయంత్రానికి మోకాలి లోపలివైపు ఒకటే సలుపు. ఇంటికొచ్చాక రెండు వారాలు డ్యూటీలో పట్టాల మీద తోసే పుష్ ట్రాలీ ఎక్కి దిగడానికే కష్టమైంది. "యాభై దాటాక ఈ సరదాలేంటండీ" అని మా ఆవిడ. నేనూ వయసు మీదకే తోసేశాను. తప్పు స్కీలది కూడా అయ్యుండొచ్చని అన్నది అమ్మాయే. చదును చేసిన వాలు కోసమే సన్న నడుము స్కీలు, అంటే కాలి కింద సన్నగా ఉండేవి, వేరే ఉంటాయట. నచ్చితే ఒక జత కొనేద్దామనే లెక్కతోనే ఈసారి బయల్దేరాం.

ప్రయాణం గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు. గన్నవరంలో విమానం ఎక్కి, ఢిల్లీలో మారి, శ్రీనగర్‌లో దిగాం. తంగ్‌మార్గ్‌లో టైర్లకు గొలుసులు కట్టిన బండిలోకి మారితే అక్కణ్ణుంచి 13 కిలోమీటర్లు పైకి. ముందురోజు రాత్రి సత్యనారాయణపురంలో ఫ్యాను వేసుకుని పడుకున్నవాణ్ణి, ఆ రాత్రి 2,650 మీటర్ల ఎత్తున రెండు రజాయిల కింద వణికాను.

ఇక కొలతలు. స్కీ మీద మూడు అంకెలు అచ్చేసి ఉంటాయి: ముందు వెడల్పు, నడుము, వెనక వెడల్పు. షాపులో మూలన పడున్న సన్న జత మీద 121-68-104 అని ఉంది. మేం రైలు కర్వ్ మీద 20 మీటర్ల తాడు పట్టి, నడిమధ్యన తాడుకీ పట్టాకీ ఎంత ఎడముందో కొలుస్తాం. దాన్ని వర్సైన్ అంటాం. తాడు పొడవుని దాంతోనే గుణించి, వర్సైన్‌కి ఎనిమిది రెట్లతో భాగిస్తే వంపు వ్యాసార్ధం వచ్చేస్తుంది. స్కీ పక్కంచూ వంపే కదా! ముందు వెనకల సగటులోంచి నడుము తీసేసి సగం చేస్తే 22 మిల్లీమీటర్ల చిల్లర, అదే దీని వర్సైన్. వెడల్పైన రెండు చోట్ల మధ్య దూరం 145 సెంటీమీటర్లు, అదే తాడు పొడవు. లెక్క కడితే 12 మీటర్లకు కాస్త తక్కువొచ్చింది. కంపెనీ వాళ్ళు వేసిన అంకె 12. చెప్పొద్దూ, ఛాతీ కొంచెం ఉబ్బింది. నిరుటి లాంటి వెడల్పు జతకి అదే లెక్క కడితే 20 మీటర్లు. మా బ్రాడ్‌గేజ్‌లో అతి బిగువు వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం.

నడుము సన్నగా ఉన్నంత మాత్రాన వంపు బిగువుగా ఉంటుందని కాదు. పెద్ద మలుపుల పందేలకు వాడే స్కీల నడుమూ సన్నదే, వ్యాసార్ధం మాత్రం చాలా ఎక్కువ. అసలు ఇంత నడుము తీయడమే కొత్త సంగతి. వెనకటి స్కీలు దాదాపు తిన్నగా ఉండేవి. 1993లో స్లొవేనియా కంపెనీ ఎలాన్ ఎస్‌సీఎక్స్ అనే మోడల్ తెచ్చాకే మిగతా కంపెనీలూ ఆ దారి పట్టాయి.

అంకెలన్నీ బాగున్నాయి గానీ అంచు మొద్దు. ఉక్కు అంచు మీద గోరు అడ్డంగా గీస్తే గోటి పొడి రాలాలి, ఏమీ రాల్లేదు. మొద్దు కత్తిపీటతో కంద తరిగినట్టే ఉంటుంది ఇక. ఆకురాయి పట్టించమంటే షాపతను ముందు నసిగాడు. తర్వాత నేను కదిలేలా లేనని తెలిసి, 88 డిగ్రీల కోణం పెట్టి రెండు పక్కలా నూరాడు. బూటుని స్కీకి పట్టి ఉంచి, పడ్డప్పుడు వదిలేసే బైండింగ్ బిగింపుకి బరువు, బూటు అడుగు పొడవు, అనుభవం, వయసు అడిగాడు. 50 దాటితే ఒక మెట్టు తగ్గిస్తారు. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

పొద్దున్నే గండోలా అనే కేబుల్ కారు మొదటి దశలో కొంగ్‌డూరి చేరాం. రాత్రి యంత్రం తోలి వెళ్ళిన మంచు గొర్రు తోలిన చేనులా సన్న చాళ్ళతో ఉంది. మొదటిసారి నిరుటి అలవాటు కొద్దీ మడమలతో నెట్టి తిప్పబోయాను, స్కీలు కరకరలాడి మొరాయించాయి. "తిప్పకండి, వాల్చండి చాలు" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. స్కీని ఒక పక్కకి వాల్చి, బరువు దాని మీదుంచి, ఊరుకోవాలి. ఊరుకోవడమే కష్టం. మూడోసారికి ఊరుకున్నాను. స్కీ తనంతట తానే వంగి, తన వంపు ప్రకారం నన్ను తీసుకుపోయింది. ఎంత ఎక్కువ వాలిస్తే వంపు అంత బిగుస్తుంది. 60 డిగ్రీలు వాలిస్తే 12 మీటర్లది 6 అవుతుంది, అంత ధైర్యం నాకు లేదు లెండి.

కింద ఆగి వెనక్కి చూస్తే మంచు మీద రెండు సన్న గీతలు! నిరుడు నా వెనక ఎప్పుడూ చీపురుతో ఊడ్చినట్టుండేది. టేపు తీశాను. ఒకచోట గీతల మధ్య 30 సెంటీమీటర్లు, ఇంకోచోట 45. మా కుర్రాళ్ళెవరైనా గేజ్ ఇలా ఉంచితే మెమో ఇచ్చేవాణ్ణి.

మోకాలి గుట్టు కూడా అక్కడే తేలింది. స్కీని అంచు మీద నిలబెడితే బరువంతా ఆ అంచు మీదే. 98 నడుముకి అంచు పాదం మధ్య నుంచి 49 మిల్లీమీటర్ల దూరం, 68 నడుముకి 34. గట్టి మంచు మీద వెడల్పు స్కీని వాల్చి పట్టుకోవాలంటే ఆ తేడా అంతా మెలిపెట్టేది మోకాలినే. సన్న స్కీ నడుము దాదాపు బూటు అడుగంతే, అంచు సరిగ్గా కాలి కిందే ఉంటుంది. ఆ పూట రెండు గంటల్లో నాకు ఒక్క సలుపు లేదు. తిన్నగా పోనిస్తే మాత్రం ఈ స్కీలు అటూ ఇటూ లాగుతాయి, వాటికి తిన్నగా పోవడం ఇష్టముండదు.

పదకొండు దాటేసరికి ఎండకి మంచు మెత్తబడింది. జనం తొక్కిడికి చాళ్ళు పోయి గుట్టలు లేచాయి. స్కీ ముక్కు గుట్టలోకి దిగింది, నేను దాని మీదుగా వెళ్ళి పడ్డాను. రెండోసారి చదును వాలు పక్కన కొత్త మంచులోకి అమ్మాయి వెంట వెళ్ళి, దమ్ము చేలో దిగబడ్డ ఎద్దులా కూరుకుపోయాను. తను 88 నడుము స్కీల మీద తేలిపోతూ "నాన్నా, లే" అని అరిచి వెళ్ళిపోయింది. గుల్మార్గ్‌కి పేరే 4,000 మీటర్లు దాటిన అఫర్వాత్ కొండ మీది కొత్త మంచు వల్ల. షాపు గోడల నిండా వెడల్పు జతలే ఎందుకున్నాయో అర్థమైంది.

ఆ తర్వాత మూడు రోజులూ పొద్దున సన్నవి, మధ్యాహ్నం 82 నడుమువి మార్చుకుంటూ తిరిగాను. ఏడాదికి ఐదు రోజుల సంబరానికి సన్న స్కీలు కొనడం డబ్బు దండగని తేల్చుకున్నాను. కొంటే బూట్లు కొనాలి, అద్దె బూట్లో మడమ ఆడుతుంటే ఏ స్కీ అయినా మాట వినదు. ఆ మాట చెప్తే అమ్మాయి "ఇది చెప్పడానికి టేపెందుకు?" అంది.

డ్యూటీకి వెళ్ళిన రెండో రోజు కర్వ్ మీద వర్సైన్లు రాస్తుంటే, తాడు పట్టుకున్న మా ట్రాక్‌మన్ నా డైరీలోకి తొంగిచూశాడు. "12 మీటర్లంట, ఇదెక్కడి కర్వ్ సార్? బండి పడిపోదూ?"

"రెండుసార్లు పడింది" అన్నాను.