ఫోటోలు ఎక్కట్లేదని 777 కొట్టొద్దు: నా అనుభవం

ఉదయగిరి చెక్క చెంచాలు అమ్మే చిన్న వెబ్‌సైటు అది. అంతకుముందు దాన్ని చూసుకున్న మనిషి పాత సర్వర్ నుంచి కొత్త ఉబుంటు (లినక్స్ సిస్టంలో ఒక రకం) సర్వర్‌లోకి మార్చి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి పేర్లు, ధరలు మారుస్తుంటే మారుతున్నాయి, పాత ఫోటోలు కనపడుతున్నాయి, కొత్త ఫోటో మాత్రం ఎక్కదు. చెంచాలు చేసే అక్క నెల్లూరులో ఉన్న నాకు ఫోన్ చేసింది. "అబ్బయ్యా, నర్ది చెక్క గరిటెలు కొత్తవి చేసి పెట్టుండాం. ఫోటో లేకుంటే ఎవురు కొంటారు చెప్పు?"

ఆమె అడిగింది న్యాయం. జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్న పనితనం అది. అంత దూరం వచ్చి చేత్తో పట్టుకుని చూడలేనివాళ్ళకి ఫోటోనే దిక్కు.

సైటు "అప్‌లోడ్ విఫలమైంది" అని మాత్రమే చెప్తుంది. దాన్ని పట్టుకుని వెతికితే ఏమీ తేలదు. సైటు పేజీల్ని బయటికి అందించే ఎన్జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఎర్రర్ లాగ్ (తప్పులు నమోదయ్యే ఫైలు) తెరిస్తే చివర్లో "పర్మిషన్ డినైడ్" అని, ఏ ఫోల్డర్‌లో రాయలేకపోయిందో దాని దారి మొత్తం ఉంది. ఇలాంటి చోట నేను ముందు నమ్మేది లాగ్‌నే.

తెలిసినవాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే మాట: "ఆ ఫోల్డర్‌కి 777 కొట్టు, అయిపోద్ది." అయిపోతుంది, నిజమే. నేను ఒప్పుకోలేదు. లినక్స్‌లో అనుమతుల్ని అంకెల్లో రాస్తారు: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కలిపితే 7. మొదటి అంకె యజమానికి, రెండోది గ్రూపుకి, మూడోది మిగతా అందరికీ. 777 పెడితే ఆ సర్వర్‌లో ఉన్న ఏ ఖాతా అయినా అందులో రాయొచ్చు, మన ఫోటోలు చెరిపెయ్యొచ్చు. అదే సర్వర్‌లో ఇంకో సైటు ఉండి, దాంట్లోకి ఎవడైనా దూరితే మన ఫోల్డర్ కూడా వాడి చేతికి పోయినట్టే. ఒకరికి తాళంచెవి దొరకలేదని వీధి వాకిలే పీకేసుకుంటామా?

చూడాల్సింది ఎంత అనుమతి ఉందని కాదు, రాస్తున్నది ఎవరని. ఫోటో ఎంచుకునేది మనమే, డిస్క్ మీద రాసేది మాత్రం సైటు కోడ్‌ని నడిపే పీహెచ్‌పీ. ఉబుంటులో అది మామూలుగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే ఖాతా పేరుతో నడుస్తుంది. ఫోల్డర్ వివరాలు చూస్తే యజమాని రూట్ (సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న ఖాతా), గ్రూపు రూట్, అనుమతి 755. సైటు మార్చినప్పుడు ఫైళ్ళన్నీ రూట్ పేరుతో విప్పేశారు. చివరి 5 అంటే 4, 1 కలిపినది; ఫోల్డర్‌కి నడిపే అనుమతి అంటే లోపలికి పోయే అనుమతే. కాబట్టి మిగతావాళ్ళు చదవొచ్చు, లోపలికి పోవచ్చు, రాయలేరు. పాతవి కనపడి కొత్తవి ఎక్కకపోవడం ఇందుకే. ధరలు డేటాబేస్‌లో ఉంటాయి, వాటికి ఈ ఫోల్డర్‌తో పని లేదు.

యజమానిని మార్చే సీహెచ్‌ఓన్ (chown) కమాండ్‌తో యజమానిగా నా ఖాతాని, గ్రూపుగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాని పెట్టాను. సర్వర్‌కి ఫైళ్ళు పంపే ఎస్ఎఫ్‌టీపీతో నేను కూడా ఫోటోలు వేస్తుంటాను కాబట్టి ఇద్దరికీ దారి ఉండాలి. తర్వాత ఫోల్డర్లకి 2775, ఫైళ్ళకి 664. ముందున్న ఆ 2 చాలా ఉపయోగం: లోపల పుట్టే ప్రతి కొత్త ఫైలుకీ ఫోల్డర్ గ్రూపే వస్తుంది. ఫోల్డర్లకీ ఫైళ్ళకీ ఒకే అంకె వెయ్యకూడదు. ఫోల్డర్‌కి 664 పడితే నడిపే అనుమతి పోయి లోపలికే వెళ్ళలేం. ఫైళ్ళకి 775 వేస్తే ఫోటోలకి నడిపే అనుమతి అనవసరంగా అంటుకుంటుంది. అందుకే ఫైండ్ కమాండ్‌తో రెండింటినీ విడదీసి మార్చాను. పై ఫోల్డర్లన్నిటికీ కూడా ఆ లోపలికి పోయే అనుమతి ఉండాలి. ఒక్కదానికి లేకపోయినా కింద ఎంత సరిచేసినా ఫలితం ఉండదు.

బ్రౌజర్‌కి పోకముందే, వేరే ఖాతా పేరుతో కమాండ్ నడిపే సుడోతో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరు మీద ఆ ఫోల్డర్‌లో ఒక ఖాళీ ఫైలు చేసి చూశాను. వచ్చింది. ఆ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైళ్ళు నడవకుండా ఎన్జిన్ఎక్స్‌లో అడ్డు కూడా పెట్టాను. బయటివాళ్ళ ఫైళ్ళు పడే చోట ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం.

చిన్న ఫోటోలు ఎక్కాయి. అక్క ఫోన్లో తీసినవి పెడితే ఈసారి 413 ఎర్రర్, అంటే పంపింది మరీ పెద్దదని. దీనికీ అనుమతులకీ సంబంధం లేదు. ఎన్జిన్ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటిన అభ్యర్థనని తీసుకోదు, పీహెచ్‌పీలో ఒక్కో ఫైలుకి పరిమితి 2 ఎంబీ. మనం ఫోన్లో తీసే ఫోటోలు చాలావరకు అంతకంటే పెద్దవే. ఫైలు పరిమితిని 8 ఎంబీ చేసి, ఎన్జిన్ఎక్స్ పరిమితినీ పీహెచ్‌పీ పోస్ట్ పరిమితినీ 40 ఎంబీకి పెంచి, రెండు సర్వీసుల్నీ రీలోడ్ చేశాక గరిటెలన్నీ సైటులోకి వచ్చాయి. పోస్ట్ పరిమితిని ఫైలు పరిమితి కంటే బాగా ఎక్కువగానే ఉంచుకోండి, నాలుగైదు ఫోటోలు ఒకేసారి పెడితే అది చూసేది మొత్తం బరువుని.