ఎలా జరిగింది?

మంగళవారం పరామర్శకి వెళ్ళకూడదని అత్తయ్య ఆపేసింది. నిన్న సెలవు దొరకలేదు. రేపు శుక్రవారం, మళ్ళీ కుదరదు. అందుకని ఈరోజు పొద్దున్నే ఆమదాలవలసలో పాసింజరెక్కి విజయనగరం వెళ్ళొచ్చాను. నా స్నేహితురాలి అమ్మగారు పోయి ఇవాళ్టికి ఐదు రోజులు.

పొందూరు దాటినప్పటి నుంచీ ఏం మాట్లాడాలా అని ఒకటే టెన్షన్. 'ధైర్యంగా ఉండు' అందామా అంటే, నాన్న పోయినప్పుడు ఆ మాటకే నాకు ఒళ్ళు మండేది. 'మంచాన పడకుండా పోయారు, అదృష్టవంతులు' అన్నవాళ్ళ మీద ఇప్పటికీ కోపమే. 'ఎలా జరిగిందమ్మా?' అని అడిగేవాళ్ళంటే మరీనూ. చెప్పించి మళ్ళీ ఏడిపించడం తప్ప ఏముంది అందులో అనుకునేదాన్ని.

నన్ను చూడగానే అది భుజం మీద వాలిపోయింది. రైల్లో అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను, అంతే.

పక్కింటి మామ్మ గిన్నెతో చోడంబలి తెచ్చింది. వద్దంటే వినలేదు. "రెండు గుక్కలు తాగమ్మా. ఏడుపెక్కడికి పోద్ది, తాగాక ఏడుద్దువులే" అంది. తాగేదాకా గుమ్మంలోంచి కదల్లేదు.

మధ్యాహ్నం లోపు నాలుగు బ్యాచ్‌లు వచ్చాయి. అందరిదీ అదే ప్రశ్న. మొదటిసారి 'రాత్రి నీళ్ళడిగిందండీ' అన్న చోటే గొంతు ఆగిపోయింది దానికి. రెండోసారి ఇంకొంచెం ముందుకి వెళ్ళింది. నాలుగోసారి చెబుతుంటే, అంతవరకూ చెప్పనిది ఒకటి గుర్తొచ్చింది. ఆ రాత్రి కూడా ఆవిడ 'ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతోంది, కరెంటు మీ తాత కడతాడా' అని తిట్టారట. చెబుతూ నవ్వేసింది. అడిగినావిడా నవ్వింది. నాన్న గురించి నేను ఎవరికీ పూర్తిగా చెప్పనే లేదు. అడిగినవాళ్ళందరికీ 'గుండెపోటు' అని ఒక్క ముక్కలో తేల్చేశాను.

వాళ్ళమ్మగారు ఇంట్లోనే పోయారు కాబట్టి 21 రోజుల్లోగా మరణం నమోదు చేయించాలి. ఆ కాగితాల పని నేను చూస్తానన్నాను. ఓదార్చడం రాకపోయినా అప్లికేషన్లు నింపడం వచ్చు నాకు.

చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు, లేచి వచ్చేయాలి. చెప్పులు వేసుకుంటూ అలవాటుగా "వస్తానే" అనేశాను. వెంటనే నాలిక్కరుచుకున్నాను. లోపలున్న పెద్దావిడ ఒకరు గుర్రుగా చూశారు కూడా.

అది మాత్రం తలెత్తి, "ఆదివారం రా. ఆధార్ కార్డు వెతికి ఉంచుతాను" అంది.