అమ్మ దిగగలిగే సముద్రం కోసం

ఈ రోజు పొద్దున షికాగో పక్కన మా ఔరోరాలో 1 డిగ్రీ ఫారెన్‌హీట్. నాన్న వెంటనే లెక్కగట్టి సెల్సియస్‌లో మైనస్ 17 అన్నారు. అమ్మ శాలువా కప్పుకుని హీటర్ పక్కన కూర్చుని మోకాళ్లకి మందు రాసుకుంటోంది. అక్టోబర్‌లో వచ్చిన కొత్తలో ఇద్దరూ సాయంత్రం పూట వీధి చివరిదాకా నడిచి వచ్చేవాళ్లు. ఇప్పుడు నాన్నకి మాల్‌లో నడక ఉంది. అమ్మకి ఇల్లే. వారానికోసారి బాలాజీ గుడికి వెళ్లొస్తే అంతే, మళ్లీ నాలుగు గోడలు.

అందుకే ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవు కలిసొచ్చేలా ఎక్కడికైనా వెచ్చని చోటికి, ఈసారి మంచి ఖరీదైన బీచ్ రిసార్ట్‌కే తీసుకెళ్లాలని మా ఆయనా నేనూ ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. ఆదివారం కదా, ఈ రోజు తేల్చేద్దామని కాఫీలు పెట్టుకుని కూర్చున్నాం.

అప్పటికి మాఘమాసం కూడా. మాది బందరు. మాఘ పౌర్ణమికి మంగినపూడి వెళ్లి సముద్ర స్నానం చేయడం అమ్మకి పెళ్లైన దగ్గర్నుంచీ అలవాటు. మోకాళ్లు అరిగాక మాత్రం ఒడ్డున కూర్చుని చెంబుతో నీళ్లు పోసుకుని వచ్చేస్తోంది. అక్కడ ఇసుక తక్కువ, నల్లమట్టి ఎక్కువ. పాదం దిగబడితే మోకాలు మెలిపడుతుంది, ఈలోపు ఇంకో అల వచ్చి పడుతుంది. ఎవరైనా చెయ్యి పట్టుకుంటామన్నా ఒప్పుకోదు, తన వల్ల వాళ్లూ పడతారని భయం. కాబట్టి ఈ ప్రయాణంలో నాకు కావలసింది ఒక్కటే. అమ్మ తన కాళ్ల మీద తను నడుంలోతు దాకా వెళ్లి నిలబడి మూడు మునకలు వేయాలి. మిగతా హంగులన్నీ దాని తర్వాతే.

చోటు తేల్చడం పెద్ద కష్టం కాలేదు. మా ఆయనకి హవాయి మీద మనసు. శీతాకాలంలో అక్కడి మావీ దీవి దగ్గరికి తిమింగలాలు వస్తాయి, పిల్లలకి చూపించాలని. కానీ షికాగో నుంచి ఎక్కడా ఆగకుండా వెళ్లినా తొమ్మిది గంటల ప్రయాణం. ఇండియా నుంచి వచ్చినప్పుడే అమ్మ కాళ్లు బాగా వాచిపోయాయి. ఫ్లోరిడా దగ్గరే, ఎండా బాగుంటుంది, కానీ ఫిబ్రవరిలో అక్కడి నీళ్లు అమ్మ దిగేంత వెచ్చగా ఉండవు. డొమినికన్ రిపబ్లిక్‌లో పుంటా కానా, మెక్సికోలో కాన్‌కూన్ మిగిలాయి. కాన్‌కూన్ కాస్త దగ్గర, నాలుగు గంటలు. పగలు 28 డిగ్రీల దాకా, సముద్రం 26 దాకా ఉంటుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మనవాళ్లకి మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. అమ్మానాన్నలది పదేళ్ల మల్టిపుల్ ఎంట్రీ కాబట్టి ఆ టెన్షన్ లేదు.

రిసార్ట్ తేల్చడమే రోజంతా పట్టింది. ఏ వెబ్‌సైట్ తెరిచినా అదే నీలం రంగు, అంచు కనబడని అదే ఈతకొలను, అవే తెల్లటి పరుపులు, వాటి మీద తువాలుతో చేసిన అవే హంసలు. వాటిని చూసి ఏదీ తేల్చుకోలేం. నేను అవన్నీ మూసేసి మ్యాప్ తెరిచాను. రిసార్ట్ ఎంచుకునేవాళ్లు ఎవరైనా ముందు చేయవలసిన పని అదేనని నాకు గట్టిగా అనిపించింది. ఆ గదుల ముందున్న సముద్రం ఎటు తిరిగి ఉందో మ్యాప్ ఒక్కటే నిజం చెబుతుంది.

కాన్‌కూన్‌లో పెద్ద హోటళ్లన్నీ ఇరవై కిలోమీటర్లు దాటిన ఒక సన్నని ఇసుక పట్టీ మీద ఉన్నాయి. ఒక పక్క కరీబియన్ సముద్రం, వెనక నిచుప్తే సరస్సు. పైనుంచి చూస్తే ఆ పట్టీ 7 అంకె ఆకారంలో ఉంటుంది. పై గీత ఉత్తరానికి తిరిగి ఉంది. ఎదురుగా కొద్ది దూరంలోనే ఇస్లా ముహేరెస్ దీవి అడ్డంగా ఉండటంతో అక్కడ నీళ్లు చాలా రోజులు నెమ్మదిగా, లోతు తక్కువగా ఉంటాయి. నిలువు గీత తూర్పుకి తిరిగి ఉంది. దానికి ఏ అడ్డూ లేదు. ఫోటోల్లో మనల్ని కట్టిపడేసే ఆ నీలం ఎక్కువగా అక్కడిదే, కానీ అల పెద్దది, లోపలికి లాగే గుణమూ ఎక్కువ. ఒడ్డున జెండాలు పెడతారు. ఆకుపచ్చ అయితే దిగొచ్చు, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే ప్రమాదం, నలుపైతే కాలు పెట్టనే కూడదు. తూర్పు వైపు ఆకుపచ్చ తక్కువేనని వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు.

పేరున్న ఖరీదైన రిసార్ట్‌లు చాలావరకు ఆ నిలువు గీత మీదే ఉన్నాయి. బాల్కనీలో కూర్చుని సముద్రాన్ని చూస్తూ గడపాలనుకునే కొత్త జంటలకి అంతకంటే మంచి చోటు ఉండదు. అలల చప్పుడుకి నిద్రపోవచ్చు, లేవవచ్చు. మాకు మాత్రం పై గీతే సరైనది. అది తెలియగానే జాబితాలో ముప్పాతిక వంతు పోయింది, నా ప్రాణం తేలికపడింది.

దానికీ ఒక చిక్కుంది. చలికాలంలో ఇక్కడి నుంచి దిగే చలిగాలి అక్కడిదాకా వెళ్తుంది. దాన్ని వాళ్లు నోర్తే అంటారు. అది వచ్చినప్పుడు ఒకటి రెండు రోజులు ఉత్తరపు గాలి కొడుతుంది, చిన్న పడవల్ని ఆపేస్తారు, నెమ్మదిగా ఉండే పై గీత దగ్గర కూడా అలలు లేస్తాయి. అందుకని వారాంతానికి ఇంకో రెండు రాత్రులు కలిపాం. ఒక రోజు గాలికి పోయినా అమ్మ స్నానానికి ఇంకో రోజు మిగలాలి. వేడినీళ్ల ఈతకొలను ఉండి తీరాలని కూడా రాసుకున్నాను. పిల్లలకి గాలి రోజున అదే దిక్కు.

తుఫానుల కాలం జూన్ నుంచి నవంబర్ దాకా కాబట్టి ఆ భయం లేదు. 2005 అక్టోబర్‌లో విల్మా అనే తుఫాను అక్కడ కదలకుండా నిలబడిపోయి బీచ్‌లో ఇసుకనంతా ఊడ్చుకుపోయిందట. తర్వాత సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి మళ్లీ పోశారు. ఈ మాట చదివి వినిపించగానే నాన్న 1977 నవంబర్‌కి వెళ్లిపోయారు. దివిసీమ ఉప్పెన తర్వాత తను అవనిగడ్డ దారిలో చూసినవి చెప్పడం మొదలుపెట్టారు. మా పెద్దాడు ట్యాబ్ పక్కన పెట్టి విన్నాడు. అరగంట పాటు రిసార్ట్ సంగతే ఎవరికీ గుర్తులేదు. నాన్న ఇంత వివరంగా ఆ రోజుల గురించి చెప్పడం నేనూ ఎప్పుడూ వినలేదు. గట్ల మీదికి కొట్టుకొచ్చిన గేదెలు, తాటిచెట్ల మొవ్వుల్లో చిక్కుకున్న బట్టలు. పిల్లలకి ఇవి తెలియాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన రివియెరా మాయా సంగతి ఎత్తారు. విమానాశ్రయానికి దక్షిణంగా, తూలుమ్ దాకా ఉండే తీరం అది. అక్కడి రిసార్ట్‌లు కొత్తవి, విశాలమైనవి, చుట్టూ అడవి. అందులో ప్వెర్తో మొరేలోస్ నాకూ నచ్చింది. ఒడ్డుకి దగ్గర్లోనే పగడపు దిబ్బ ఉండి అలల్ని అక్కడే విరిచేస్తుంది. 1998లో దాన్ని నేషనల్ పార్క్‌గా ప్రకటించారు. కానీ ఆ తీరంలో చాలాచోట్ల కాలి కింద రాళ్లు. పైగా ఆ రిసార్ట్‌లు ఎంత పెద్దవంటే గది నుంచి డైనింగ్ హాలుకి వెళ్లాలన్నా గోల్ఫ్ కార్ట్ కోసం ఎదురుచూడాలి. అమ్మ అలా ఎదురుచూస్తూ ఉండదు. "నలుగురినీ ఇబ్బంది పెట్టడం ఎందుకే" అని గదిలోనే ఉండిపోతుంది. ఇక్కడ నాకు లగ్జరీ అంటే లిఫ్ట్ దిగగానే బీచ్ కనబడటం.

ఎండాకాలం సెలవుల్లో అటువైపు వెళ్లాలనుకునేవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. సర్గాసం అనే గోధుమరంగు నాచు. 2011 నుంచి అట్లాంటిక్‌లో ఇది విపరీతంగా పెరుగుతోంది. ఆఫ్రికా పడమటి తీరం నుంచి కరీబియన్ దాకా పెద్ద పట్టీగా తేలుతూ వస్తుంది. ఎక్కువగా ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా తూర్పు ఒడ్డంతా గుట్టలుగా పడి కుళ్లి, మురిగిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. రిసార్ట్‌వాళ్లు ట్రాక్టర్లు పెట్టి ఎత్తిస్తారు, మర్నాటికి మళ్లీ వస్తుంది. ఎంత డబ్బు పోసినా ఆ రోజుల్లో తూర్పు తీరంలో శుభ్రమైన నీళ్లు ఎవరూ రాసివ్వలేరు. ఫిబ్రవరిలో సాధారణంగా తక్కువ, ఉత్తరం వైపు ఇంకా తక్కువ. మా లెక్క మళ్లీ పై గీత దగ్గరికే వచ్చింది.

తర్వాత వచ్చింది ఆల్ ఇంక్లూసివ్ గొడవ. తిండి, తాగుడు, అన్నీ కలిపి మనిషికి ఇంత అని ముందే కట్టించుకుంటారు. మా ఇంట్లో మందు తాగేవాళ్లు లేరు, అమ్మ పూటకి గుప్పెడు అన్నం తింటుంది. అందరూ తాగే కాక్‌టెయిల్స్‌కి మనమెందుకు డబ్బు కట్టాలి అని మా ఆయన వాదన. లెక్క ప్రకారం ఆయన చెప్పిందే నిజం. కానీ అమ్మానాన్నల్ని తీసుకుని ఏ రెస్టారెంట్‌కి వెళ్లినా జరిగేది నాకు తెలుసు. అమ్మ మెనూలో కుడివైపు అంకెలు మాత్రమే చూస్తుంది. డాలర్లని రూపాయల్లోకి మార్చి, "నాకు ఆకలిగా లేదు, మీరు తినండి" అంటుంది. ధర రాయని మెనూ ఆమె చేతికి ఇవ్వడానికే నేను ఆ అదనపు డబ్బు కడతాను. ఇది చెప్పాక మా ఆయన ఇంక వాదించలేదు. "అయితే అదే చేద్దాం, అత్తయ్యగారు తింటే చాలు" అన్నారు.

తిండి విషయం నేను రిసార్ట్‌కి ఫోన్ చేసి అడిగాను. మెక్సికోలో బీన్స్ ఎక్కువగా పంది కొవ్వుతో వండుతారు, దాన్ని మాంతేకా అంటారు. అన్నం కూడా కోడి రసంలో ఉడికించడం మామూలే. చూడ్డానికి శాకాహారంలా ఉన్నవి చాలాసార్లు కావు. ఫోన్ ఎత్తినావిడ విసుక్కోకుండా వంటవాళ్లని కనుక్కుని చెప్పింది, ఏవి నూనెతో చేస్తారో, ఏవి ముందే చెబితే విడిగా చేసిపెడతారో. తెల్లన్నం, పెరుగు ఎప్పుడడిగినా ఇస్తారట. పచ్చడి సీసా మేం పట్టుకెళ్తాం. అక్కడ హికామా అని ఒక దుంప ఉంటుంది, చల్లగా, కరకరలాడుతూ. ముక్కలు కోసి నిమ్మరసం, కారం చల్లి ఇస్తారు, మన బీచ్‌లో మామిడికాయ ముక్కలు అమ్మినట్టే. అమ్మకి నచ్చుతుంది.

నాన్న మధ్యలో అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "ఈ హోటళ్లు రాకముందు అక్కడ ఎవరుండేవాళ్లమ్మా?" అని. చూస్తే, 1970 ముందు అక్కడ కొబ్బరితోటలు, కొద్దిమంది జాలరులు తప్ప ఊరంటూ లేదు. దేశానికి విదేశీ డబ్బు కావాలని, పర్యాటకానికి ఏ తీరం బాగుంటుందో లెక్కలు కట్టి ఆ చోటుని ఎంపిక చేయించింది మెక్సికో కేంద్ర బ్యాంకు. మొదటి హోటళ్లు 1974లో తెరిచారు. నాన్న బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. రిజర్వ్ బ్యాంకు లాంటిది కూర్చుని బీచ్ ఎంచిందంటే ఆయనకి ఎంత ఆనందమో! మరి ఆ జాలరులు ఇప్పుడు బీచ్‌కి రావచ్చా అని తర్వాతి ప్రశ్న. రావచ్చు. మెక్సికో చట్టం ప్రకారం బీచ్ ఏ హోటల్‌దీ కాదు, అందరిదీ. దారి అడ్డగిస్తే జరిమానా వేసేలా 2020లో చట్టం ఇంకా గట్టిగా మార్చారు. ఆదివారాలు ఊరివాళ్లు పిల్లలతో, భోజనం డబ్బాలతో ప్లాయా తోర్తూగాస్ లాంటి బీచ్‌లకి వస్తారు. జనం లేని తీరం కావాలనుకునే పర్యాటకులకి ఇది నచ్చకపోవచ్చు. అమ్మకి మాత్రం జనం ఉంటేనే ధైర్యం. పండగ స్నానానికి ఒంటరిగా ఎవరు వెళ్తారు?

గదులు చూడటం చివరి పని. ఓషన్ వ్యూ అంటే పక్కనుంచి మెడ వంచితే కనబడే సముద్రం కూడా కావచ్చు, ఓషన్ ఫ్రంట్ అంటేనే ఎదురుగా. కొన్నిచోట్ల పిల్లల్ని రానివ్వరు. హయత్ వాళ్లదైతే జీవా అని ఉంటే కుటుంబాలకి, జీలారా అని ఉంటే పెద్దలకి మాత్రమే. నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసినవి బాత్రూమ్ ఫోటోలు. ఖరీదైన గదుల్లో పాలరాతి టబ్బు పెట్టి, అందులోనే నిలబడి స్నానం చేయమంటారు. ఆ అంచు దాటడం అమ్మ వల్ల కాదు. నేల మట్టంలో షవర్, పట్టుకోవడానికి గోడకి కడ్డీ ఉన్న గది కావాలని అడిగి, మెయిల్‌లో రాయించుకున్నాను.

సాయంత్రం ఆరింటికి పై గీత మీద ఉన్నవాటిలో ఒకటి బుక్ చేశాం. జనవరి నెలాఖరు దాకా డబ్బు పోకుండా రద్దు చేసుకోవచ్చు. లాబీలో టిఫిన్ పెడతాం, గంటసేపు మా టైమ్‌షేర్, అంటే ఏటా కొన్ని రోజులు గది వాడుకునే హక్కు కొనడం గురించి వినండి అని పిలిచేవాళ్లుంటారట, నాన్న మొహమాటానికి వెళ్లి కూర్చోకుండా ఆయనకి ముందే చెప్పి ఉంచాలి.

వంటింట్లోంచి అమ్మ అడిగింది, "ఏమే, అక్కడ చీరతో దిగనిస్తారా?" అని. సముద్రంలోకి దిగనిస్తారమ్మా, కొలనులోకే ఒప్పుకోరు అన్నాను. అయితే నీలం వెంకటగిరి నూలు చీర తెస్తానంది, తడిసినా బరువెక్కదట. రాళ్లు గుచ్చుకోకుండా వేసుకునే రబ్బరు చెప్పులు కూడా కావాలి, ఆమెది చిన్న పాదం, ఇక్కడ పిల్లల సైజులోనే దొరకాలి. రెండు గదులూ మధ్య తలుపుతో పక్కపక్కనే ఇస్తామన్న మాట మాత్రం ఇంకా రాతపూర్వకంగా రాలేదు. రేపు ఆఫీసు మీటింగ్‌ల మధ్యలో రిసార్ట్‌లో ఫోన్ ఎత్తిన ఆవిడకే మళ్లీ ఫోన్ చేయాలి.