కరేపాకు

"కరేపాకు గూడా ఫోన్లోనేనా పాపా?"

పొయ్యి మీద పోపు మాడుతోంది. నేనేమో మ్యాప్‌లో బైక్ బొమ్మ ఎంతవరకొచ్చిందా అని చూస్తున్నా. డెలివరీ అబ్బాయి తలుపు పొరబడి పక్క ఫ్లాట్ బెల్ కొట్టాడు. ఆ పొట్లం పట్టుకుని పెద్దావిడే వచ్చింది.

బెంగళూరు మారతహళ్లిలో ఈ ఫ్లాట్‌కొచ్చి మూడేళ్లు. ఆవిడ గొంతు వినడం ఇవాళే. హిందూపురం మనిషట! కన్నడావిడ అనుకుని లిఫ్ట్‌లో నవ్వి ఊరుకునేదాన్ని. సగం సార్లు ఆ నవ్వు కూడా లేదు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

10 రూపాయల ఆకు. ఆ ఛార్జీ, ఈ ఛార్జీ కలిపి 47.

ఆవిడ బాల్కనీలో పెయింట్ డబ్బాలో నడుమెత్తు కరేపాకు చెట్టు. మా వంటింటి కిటికీలోంచి రోజూ కనిపించేదే. ఏం చెట్టో ఎప్పుడూ చూడలేదు.

మా అమ్మయితే పాలు పొంగించిన రోజే గిన్నె పట్టుకుని పక్కింటికెళ్లేది. నాకు రెండు రెమ్మలు అడగాలన్నా మొహమాటం. డబ్బు కట్టేస్తే ఎవరికీ ఏమీ బాకీ ఉండక్కర్లేదు కదా, ఆ సుఖం మరిగాం.

సాయంత్రం చూస్తే తలుపు గడియకి ఓ రెమ్మ గుచ్చి ఉంది. బెల్ కొట్టలేదావిడ. మీటింగ్‌లో ఉన్నాననుకుందేమో.

రీల్స్ చూస్తున్నా.