అంబాసిడర్ల చల్లగాలి కోసం నేను పడ్డ తిప్పలు

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. ఇంట్ల తెలుగు, బజార్ల మరాఠీ. ఎండల గురించి చెప్పుడు దండుగ, మే నెలల 45, 46 మాకు మామూలే. బాపు బొగ్గు గనిల రిటైరయినంక సెకండ్ హ్యాండ్‌ల కొన్న 1977 అంబాసిడర్ మార్క్ 3 షెడ్డుల ఊకెనే పడి ఉండె, ఇంజన్ విప్పించి మల్ల రోడ్డు మీదికి తెచ్చిన. బండి మంచిగనే ఉరికింది గానీ అవ్వ ఒక్కపారి మధ్యాహ్నం రాజురా దాక కూసోని "కొడుకా, ఇది కారా పొయ్యా" అన్నది. ముందు తలుపుల మూలకు మూడు మూలల చిన్న అద్దం ఉంటది గదా, దాన్ని ఎదురు తిప్పితే గాలి సీదా మొహానికి కొడతది, చలికాలంల అది ఎక్కువే, మేల తిప్పితే మాత్రం వడగాలిని పిలిచి చెంపమీద కొట్టించుకున్నట్టే.

ఏసీ పెట్టిద్దామని అడిగితే మిస్త్రీ కాక నవ్విండు. "1489 సీసీ ఇంజను, అందుల డైనమో బండి, దీనికి ఏసీ ఏందిరా" అన్నడు. ఇంజన్ తిరుగుడుతోని కరెంటు పుట్టిచ్చే ఆ డైనమో ఇచ్చేది 20 ఆంపియర్లు, అటూ ఇటూ, అదీ ఇంజన్ జోరు మీద ఉంటేనే. హెడ్‌లైట్లు, బ్లోయరు, కంప్రెసర్ క్లచ్చు, రేడియేటర్‌కి ఇంకో ఫ్యాను అన్నీ కలిస్తే బ్యాటరీ దారిలనే పంటది. అంటే ముందు డైనమో తీసి ఎక్కువ కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్, తర్వాత ఏసీ. ఖర్చు విని నేనే సప్పుడు చేయకుండ ఇంటికొచ్చిన.

ఇగ పాత కార్లల్ల ఏం చేసేటోళ్లో సదువుడు షురూ చేసిన. అమెరికాల ఎడారి దిక్కు 1930ల నుంచే కారు కిటికీకి బయట ఒక గుండ్రటి రేకు డబ్బా తగిలించేటోళ్లట, దాని మూతి ముందుకు, అడుగున నీళ్లు, లోపల మెత్త, తాడు లాగితే మెత్త మునిగి తడుస్తది, కారు ఉరికితే గాలి అందుల నుంచి దూరి చల్లగ లోపలికొస్తది. చదివి నవ్వొచ్చింది, ఇది మనింటి కూలరే గదా, మోటరు లేదు అంతే! కూలర్లు లేని ఇల్లు మా ఊర్ల ఉంటదా.

కూలర్లు చేసే అతని దగ్గరనే రేకు డబ్బా కొట్టిచ్చిన, లోపల వట్టివేళ్ల మెత్త పెట్టిన, మా దిక్కు వాళా అంటరు. నాలుగు లీటర్ల నీళ్లు. మొదటి దినం 60 స్పీడుల బ్రేక్ కొడితే నీళ్లన్నీ వచ్చి అవ్వ చీర మీద పడ్డయ్, ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నీళ్లు తగ్గిచ్చి లోపల అడ్డంగ ఒక రేకు పెట్టిచ్చిన. చీర తడవలే గానీ గాలి కూడ రాలే. రెండు దినాలు బుర్ర గోక్కున్నంక ఎరకైంది, అద్దాలన్నీ బంద్ జేసి కూసున్నం, లోపలి గాలి బయటికి పోకుండ కొత్తది ఎట్లొస్తది? వెనుక అద్దాలు రెండు వేళ్లంత దించితే అప్పుడు వచ్చింది చూడుండ్రి గాలి, బయట 45 ఉంటే డబ్బా మూతి దగ్గర థర్మామీటర్ 33 చూపెట్టింది, పైన వాళా వాసన. అవ్వ నిద్రపోయింది!

కానీ 30 స్పీడు కన్న తక్కువైతే ఏం లేదు, రైల్వే గేటు దగ్గర ఆగితే మల్ల పొయ్యే. ఆసిఫాబాద్ పెండ్లికి పోయేటప్పుడు వాంకిడిల చాయ్ హోటలాయన దగ్గర నీళ్లు అడుక్కొని మల్ల నింపుకున్నం. అసలు దెబ్బ జులైల పడ్డది. నీళ్లు ఆవిరైతేనే గాలిల వేడి గుంజుకుంటయ్, వానకాలం గాలే తడిగుంటే ఆవిరేడికెళ్లి అయితది? చల్లదనం లేదు, ఉల్టా ముందటి అద్దం మొత్తం పొగ పట్టింది. గాలిల తడి తీసేది అసలు ఏసీనే.

దసరా తర్వాత మిస్త్రీ కాక దగ్గరికి మల్ల పోయిన. ఆల్టర్నేటర్ ఎక్కిచ్చినం. చల్లబరిచే కాయిల్ ఏడ పెట్టాలె అని రెండు గంటలు కొట్లాడినం, కాక డిక్కీల అంటడు, నేను డాష్‌బోర్డ్ కింద అంట. కాక మాటకు చరిత్ర ఉంది పాపం, ఫ్యాక్టరీ ఏసీతోని వచ్చిన మొదటి కారు అమెరికా కంపెనీ ప్యాకార్డ్‌ది, 1939ల చూపెట్టి 1940 మోడల్‌కి 274 డాలర్లు ఎక్కువకు పెట్టిన్రు, దానికి కాయిల్ డిక్కీలనే ఉండె, చల్లగాలి వెనుక కూసున్నోళ్ల మెడకు తగిలేది. 1954ల న్యాష్ అనే ఇంకో అమెరికా కార్ల కంపెనీ వాళ్లు మొత్తం సరంజామ బానెట్ కిందికి, డాష్‌బోర్డ్ దిక్కు తెచ్చిన్రు. నేను న్యాష్ పార్టీ, పైపులు పొట్టిగైతయ్, ముందు అవ్వ కూసుంటది. పైసలు నావి గాబట్టి నేనే గెలిచిన.

కంప్రెసర్ మాత్రం కబాడీల దొరికిన సెకండ్ హ్యాండ్‌ది. బ్రాకెట్ వెల్డింగ్ చేపిచ్చి, వ్యాక్యూమ్ పంపు ముప్పావు గంట నడిపి, ఆర్-134ఎ గ్యాస్ నింపిన్రు. చల్లగైంది! తర్వాత స్విచ్ బంద్ చేస్తే బంద్ కాలే. కంప్రెసర్‌ను బెల్ట్‌కు కలిపి విడదీసే మాగ్నెట్ క్లచ్చు పట్టుకొని పోయింది, ఇంజన్ ఉన్నంతసేపు కంప్రెసర్ తిరుగుడే, చడావు వస్తే బండి మూలుగుడే. నాగ్‌పూర్ నుంచి కొత్త క్లచ్చు రావాలంటే పది దినాలు. ఆ ప్యాకార్డ్‌కి అసలు క్లచ్చే లేదు, ఏసీ వద్దంటే ఇంజన్ ఆపి, బానెట్ లేపి బెల్ట్ తీసుడే. నేను గూడ పది దినాలు అదే పని, పొద్దుగాల బోల్ట్ వదులు చేసి బెల్ట్ తీసుడు, మధ్యాహ్నం ఏసుడు. ఒకపారి వేడి ఇంజన్ మీద చెయ్యి ఆనింది, మచ్చ ఇంకా ఉంది.

ఇప్పుడు క్లచ్చు మంచిగనే పనిచేస్తంది. గేటు దగ్గర ఎక్కువసేపు ఆగితే టెంపరేచర్ ముల్లు పైకి పోతది, అప్పుడు ఏసీ స్విచ్ బంద్ చేసి అద్దాలు దించుత. డబ్బా షెడ్డుల మేకుకు ఏలాడుతుండె. మొన్న మేల అవ్వ "ఆ వాసనొచ్చేది పెట్టురా, ఈ గాలికి మోకాళ్లు గుంజుతున్నయ్" అన్నది, దులిపి కొత్త వాళా తెచ్చి మల్ల తగిలిచ్చిన.