జంట పోగులతో అల్లిన చుట్టు కార్డిగన్

రెండు వేర్వేరు పోగులను కలిపి పట్టుకుని ఒకే దారంగా అల్లినప్పుడు వచ్చే వస్త్రం ఆ రెండింటిలో దేనినీ పూర్తిగా పోలి ఉండదు. ఈ చలికాలానికి నేను అల్లుకున్న చుట్టు కార్డిగన్‌లో, అంటే ముందు భాగాలను ఒకదాని మీదుగా ఒకటి చుట్టి నాడాలతో కట్టుకునే కార్డిగన్‌లో, ఒక పోగు షెట్లాండ్ గొర్రెల ఉన్ని, రెండవది సన్నని పట్టుదారాన్ని ఆధారం చేసుకున్న మొహైర్ అనే మేకవెంట్రుకల దారం. ఉన్ని ఆ వస్త్రానికి ఆకారాన్ని, బిగువును ఇచ్చింది; మొహైర్ మెత్తని నూగును, మెరుపును ఇచ్చింది. అయితే ఆ నూగే కుట్ల ఎత్తుపల్లాలను కప్పివేస్తుంది. అందువల్ల జంట పోగులతో ఎత్తుపల్లాల అల్లిక తలపెట్టేవారు ముందు కుట్టును నిశ్చయించుకుని తరువాత దానికి దారాన్ని వెతకడం కన్నా, చేతిలో ఉన్న దారం ఏ కుట్టును నిలబెట్టగలదో చూసి దానినే ఎంచుకోవడం మేలని నా దృఢమైన అభిప్రాయం.

నేను స్కాట్లాండ్‌లో ఉంటున్నాను కనుక షెట్లాండ్ ఉన్ని నాకు తేలికగా దొరుకుతుంది. స్కాట్లాండ్‌కు చెందిన షెట్లాండ్ దీవుల్లో, లెర్విక్ పట్టణంలోని జేమీసన్ అండ్ స్మిత్ సంస్థ అమ్మే రెండు పేటల ఉన్నిలో 25 గ్రాముల ఉండకు 115 మీటర్ల దారం ఉంటుంది. మెరినో జాతి గొర్రెల మెత్తని ఉన్నితో పోలిస్తే ఇది చేతికి కొంత గరుకుగా తగులుతుంది, చర్మం సున్నితంగా ఉన్నవారికి మెడ దగ్గర గుచ్చుకోవచ్చు కూడా. కానీ ఆ గరుకుతనం వల్లనే ప్రతి కుట్టూ పక్క కుట్టును అంటిపెట్టుకుని ఉంటుంది, వస్త్రం వేలాడి సాగిపోదు. మొహైర్ అంగోరా మేకల నుంచి వస్తుంది. ఆ మేకకు పేరు టర్కీలోని అంకారా నుంచి వచ్చినా, నేడు మొహైర్‌ను అత్యధికంగా ఉత్పత్తి చేసే దేశం దక్షిణాఫ్రికా. అక్కడి కొన్ని పెంపక కేంద్రాలలో మేకలను హింసిస్తున్న దృశ్యాలు 2018లో బయటికి వచ్చిన తరువాత పలు పెద్ద దుస్తుల సంస్థలు మొహైర్ వాడకాన్ని మానుకున్నాయి. 2020లో మేకల సంరక్షణకు సంబంధించిన ధ్రువీకరణ ప్రమాణం ఒకటి వచ్చింది. ఆ ధ్రువీకరణ ఉన్న దారాన్నే కొనాలని నేను నియమం పెట్టుకున్నాను. నేను వాడిన దారంలో మొహైర్ 70 శాతం, పట్టు 30 శాతం. 25 గ్రాముల ఉండకు 210 మీటర్లు వస్తుంది.

ఈ రెండూ కలిస్తే ఎంత లావు దారమవుతుందో లెక్క కట్టడం కష్టం కాదు. 100 గ్రాములకు ఉన్ని 460 మీటర్లు, మొహైర్ 840 మీటర్లు. ఈ రెండు సంఖ్యలనూ గుణించి, వచ్చిన దానిని వాటి మొత్తంతో భాగిస్తే జంట దారం 100 గ్రాములకు సుమారు 297 మీటర్లని తేలుతుంది. కేవలం బరువును బట్టి చూస్తే దీనికి 3.5 లేదా 4 మిల్లీమీటర్ల సూదులు సరిపోవాలి. కానీ మొహైర్ నూగు బరువు లేకుండానే చోటును ఆక్రమిస్తుంది, అది విచ్చుకోవడానికి కుట్ల మధ్య ఖాళీ ఉండకపోతే వస్త్రం బిరుసెక్కుతుంది. అందుకని నేను 5 మిల్లీమీటర్ల సూదులు తీసుకున్నాను.

కుట్టు విషయంలో మొదట, కుట్ల గుంపులను ఒకదాని మీదుగా ఒకటి దాటించే జడల అల్లికను పరీక్షించాను. సన్నని జడలు నూగులో కలిసిపోయి, దగ్గరగా చూస్తే తప్ప కనబడలేదు. అల్లికలో మూల కుట్లు రెండు: ముందు వైపు నునుపుగా కనిపించేది నిట్, గింజలా ఉబ్బేది పర్ల్. ముందు వైపంతా నిట్ కుట్లే ఉండే సాదా అల్లిక మీద అక్కడక్కడా పర్ల్ కుట్లతో చుక్కలు పెట్టే నమూనాలకూ అదే గతి పట్టింది. ఒక నిట్, ఒక పర్ల్ మార్చి మార్చి అల్లే మాస్ కుట్టు కొంత నయం. అదే క్రమాన్ని రెండేసి వరుసలు నిలిపి, ఆ తరువాతి రెండు వరుసలలో నిట్ మీద పర్ల్, పర్ల్ మీద నిట్ వచ్చేలా మారిస్తే మాత్రం జొన్నగింజలు పరిచినట్లు నిండైన ఉబ్బెత్తు వచ్చింది, నూగు పైన పరచుకున్నా గింజ కింద నీడ నిలిచింది. ఈ రెట్టింపు మాస్ కుట్టుకు చుట్టు కార్డిగన్‌తో మరొక విధంగా కూడా పొంతన కుదురుతుంది. నిట్, పర్ల్ సమంగా ఉండడం వల్ల అంచులు చుట్టుకుపోవు, రెండు వైపులా అల్లిక ఒకేలా కనిపిస్తుంది. మెడ దగ్గర అంచు వెనక్కి మడతపడినప్పుడు లోపలి వైపు బయటపడే వస్త్రానికి ఇంతకన్నా కావలసిన గుణం లేదు.

రంగుల ఎంపిక కూడా కుట్టు మీదనే ఆధారపడుతుంది. ఒకదానికొకటి బాగా భిన్నమైన రెండు రంగులను జంటగా అల్లితే చుక్కలు చుక్కలుగా కలిసిన అందమైన మిశ్రమం వస్తుంది, సాదా అల్లికలో దానిని నేను ఎంతో ఇష్టపడతాను. అయితే అల్లికలోని ఎత్తుపల్లాలు మన కంటికి కనిపించేది వెలుగునీడల వల్ల. దారమే ముదురుగా, లేతగా మారుతూ ఉంటే కన్ను ఆ మార్పును చూస్తుంది కానీ నీడను చూడదు. నేను ఉన్నికి ముదురు నేరేడు రంగును, మొహైర్‌కు దానికన్నా ఒక్క మెట్టు లేత ఛాయను తీసుకున్నాను.

అసలు అల్లిక మొదలుపెట్టే ముందు కొలతల కోసం అల్లి చూసే నమూనా ముక్క గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి. అది 20 సెంటీమీటర్ల చదరమైనా ఉండాలి, గోరువెచ్చని నీటిలో తడిపి, పరచి ఆరబెట్టిన తరువాతనే కొలవాలి. షెట్లాండ్ ఉన్ని తడిసి ఆరాక విచ్చుకుంటుంది, సూది మీద ఉన్నప్పటి కొలత నిలవదు. నా ముక్కలో 10 సెంటీమీటర్లకు 17 కుట్లు, 28 వరుసలు వచ్చాయి. 17కు బదులు 16 వస్తే తేడా ఒక్క కుట్టే కదా అనిపించవచ్చు. కానీ 170 కుట్ల వెడల్పులో 100 సెంటీమీటర్లు కావలసినది 106 దాటుతుంది. అదే ముక్కను తూచితే ఎంత దారం కొనాలో కూడా తెలుస్తుంది. 400 చదరపు సెంటీమీటర్ల ముక్క 12 గ్రాములు తూగింది. వీపు, రెండు ముందు భాగాలు, చేతులు కలిపి సుమారు 10,300 చదరపు సెంటీమీటర్లు కనుక, అల్లికకు దాదాపు 310 గ్రాములు పడుతుంది. అంచులకూ నాడాలకూ కొంత కలుపుకొని ఉన్ని 10 ఉండలు, మొహైర్ 5 ఉండలు తెచ్చుకున్నాను.

రెండు పోగులను ఒకే ఉండగా చుట్టుకుని అల్లే పద్ధతి ఒకటి ఉంది. నేను దానిని సమ్మతించను. ఉన్ని సాగుతుంది, పట్టు ఆధారమున్న మొహైర్ అంతగా సాగదు. కలిపి చుట్టినప్పుడు ఒకటి బిగిసి, ఇంకొకటి వదులై, కొంతదూరం పోయాక వదులైన పోగు ఉచ్చులుగా బయటికి వస్తుంది. రెండు ఉండలను రెండు వేర్వేరు గిన్నెలలో ఉంచి, ప్రతి వరుస చివర అల్లికను ఒకసారి కుడికి, మరుసటిసారి ఎడమకు తిప్పుతూ పోతే పోగులు మెలిపడవు. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లిన మా అమ్మమ్మ దగ్గర నేను ముందుగా ఒకే కొక్కెపు సూదితో అల్లే క్రోషే నేర్చుకున్నాను. ఆమె దారాన్ని ఎడమ చూపుడువేలి మీదుగా తీసుకుని, చిటికెనవేలికి ఒక చుట్టు వేసి బిగువును అదుపులో ఉంచేవారు. నేనిప్పుడు రెండు సూదులతో అల్లేటప్పుడు కూడా దారాన్ని ఎడమ చేతిలోనే అలా పట్టుకుంటాను. రెండు పోగులూ ఒకే వేలి మీదుగా ఒకే బిగువుతో సాగడానికి అంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు. ఒక్క విషయంలో మాత్రం రెండు విద్యలకూ భేదం ఉంది. క్రోషేలో ఎప్పుడూ ఒకే ఉచ్చు తెరిచి ఉంటుంది కనుక విప్పడం సులభం; ఇక్కడ వరుసలోని కుట్లన్నీ తెరిచే ఉంటాయి, పైగా మొహైర్ వెంట్రుకలు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. కనుక ప్రతి 20 వరుసలకు ఒకసారి సన్నని నూలుదారాన్ని కుట్లన్నిటి గుండా దూర్చి ఉంచాలి. విప్పవలసి వస్తే ఆ దారం దగ్గర అల్లిక ఆగుతుంది.

కార్డిగన్ ఆకారం సాదాసీదాగా ఉంటుంది. వీపుకు 88 కుట్లు, అంటే సుమారు 52 సెంటీమీటర్లు. ముందు భాగాలు ఒక్కొక్కటి 78 కుట్లు, దాదాపు 46 సెంటీమీటర్లు. ఒక ముందు భాగం రెండవ దాని మీదుగా అవతలి పక్క దాకా రావడానికి ఇంత వెడల్పు తప్పదు. నడుము నుంచి భుజం వరకు ఉన్న 36 సెంటీమీటర్లలో, అంటే 100 వరుసలలో, మెడ వైపు 50 కుట్లు తగ్గి భుజానికి 28 మిగలాలి. వరుస విడిచి వరుసకు ఒక్కొక్క కుట్టు తగ్గిస్తే నిట్, పర్ల్ క్రమం ప్రతిసారీ పక్కకు జరిగిపోతుంది. అందుకు బదులు ప్రతి నాలుగు వరుసలకు ఒకసారి మూడు కుట్లను ఒకటి చేసి రెండేసి తగ్గిస్తే, తగ్గినది నమూనాలోని ఒక పూర్తి జత కనుక క్రమం చెక్కుచెదరదు. ఇలా 25 సార్లు చేస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది. అంచు నుంచి మూడు కుట్లు విడిచి తగ్గిస్తే ఏటవాలు గీత శుభ్రంగా కనబడుతుంది.

ఆ ఏటవాలు అంచే ఈ వస్త్రంలో బలహీనమైన చోటు. ఎత్తు 36 సెంటీమీటర్లే అయినా అంచు పొడవు 46 దాటుతుంది, నిలువు అంచు కన్నా త్వరగా సాగుతుంది. అక్కడ మొహైర్‌ను పూర్తిగా విడిచి, ఉన్నినే రెండు పోగులుగా తీసుకుని, 4 మిల్లీమీటర్ల సూదితో ప్రతి నాలుగు వరుసలకు మూడు చొప్పున 75 కుట్లు ఎక్కించి పట్టీ అల్లాను. ఆ పట్టీ అంచును కొద్దిగా లోపలికి లాగి పట్టి ఉంచుతుంది. నాడాలను కూడా ఉన్నితోనే అల్లాలి. మొహైర్ కలిస్తే ముడి జారుతుంది. కుడి భాగం పైకి వచ్చేలా చుట్టుకునేవారు వీపునూ ముందు భాగాన్నీ కలిపే కుడి పక్క అతుకు కుట్టులో నడుము దగ్గర రెండు సెంటీమీటర్ల సందు వదలాలి. లోపలి భాగపు నాడా ఆ సందు గుండా బయటికి వచ్చి, వీపు చుట్టూ తిరిగి, ఎడమ పక్కన రెండవ నాడాను కలుస్తుంది. అందుకే లోపలి నాడాకు 100 సెంటీమీటర్లు, పై నాడాకు 45 ఉంటే చాలు.

ఉండ అయిపోయినప్పుడు రెండు పోగుల అతుకులూ ఒకే చోట పడకుండా చూసుకోవాలి. షెట్లాండ్ ఉన్ని కొసలను తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి; మొహైర్‌కు పాత కొస, కొత్త కొస నాలుగైదు కుట్లు కలిపి అల్లితే సరిపోతుంది. ఉతికేటప్పుడు పిండకుండా తువాలులో చుట్టి నీటిని అదిమి తీయాలి, బల్ల మీద పరచి ఆరబెట్టాలి. మూడు వందల గ్రాములు దాటిన అల్లికను హ్యాంగర్‌కు తగిలిస్తే భుజాలు దిగజారతాయి కనుక నేను దీనిని మడతపెట్టి, వేపాకులు వేసిన నూలు సంచిలో భద్రపరుస్తున్నాను.